టెన్సులన్నీ వచ్చు, మెయిల్ మాత్రం రాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం, ఇప్పుడు హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం. టెన్సుల చార్టు మూడుసార్లు బట్టీ పట్టారు. చదివితే అర్థమవుతుంది, ఎవరైనా మాట్లాడితే ముప్పాతిక వంతు అందుతుంది. కానీ మేనేజర్‌కి నాలుగు లైన్ల మెయిల్ రాయాలంటే అరగంట, మీటింగ్‌లో నోరు విప్పాలంటే టెన్షన్. రోజుకి పది కొత్త మాటలు రాసుకుంటున్నారు, వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండదు. ఆరు నెలల్లో ఈ మెట్టు దాటగలనా అని అడిగారు. మీరు రాసిన మెయిల్ ఒకటి కూడా పెట్టారు. పెట్టడం మంచిదైంది, నేను చెప్పాల్సిన జవాబు చాలావరకు అందులోనే ఉంది.

మెయిల్ ఇది: “సర్, ఐ యామ్ వర్కింగ్ ఆన్ దిస్ రికన్సిలియేషన్ సిన్స్ త్రీ డేస్. యెస్టర్డే ఐ హావ్ డిస్కస్డ్ అబౌట్ ద డిఫరెన్స్ విత్ ద వెండర్. హీ టోల్డ్ దట్ ద పర్సన్ వుయ్ సెంట్ ద మెయిల్ ఈజ్ ఆన్ లీవ్, స్టేట్‌మెంట్ విల్ కమ్ టుమారో ఓన్లీ. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.” (రికన్సిలియేషన్ అంటే మన లెక్కల్ని అవతలివాళ్ల లెక్కలతో సరిచూడడం, వెండర్ అంటే సరుకు అమ్మినవాడు.)

నేను ఇరవై రెండేళ్లుగా ఇంగ్లిష్ చెబుతున్నాను. మొదట్లో గోదావరి జిల్లాలో డిగ్రీ పిల్లలకి, ఇప్పుడు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి. ఇలాంటి మెయిళ్లు చాలానే చూశాను. ఇందులో ఉన్న తప్పుల్లో దాదాపు ఏదీ మీకు రూల్ తెలియక వచ్చింది కాదు. సిన్స్‌కీ ఫర్‌కీ తేడా ఏమిటని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. ఇవి తెలుగు వాక్యం అడుగున ఉండగా దాని మీద ఇంగ్లిష్ మాటలు పేర్చడం వల్ల వచ్చిన తప్పులు. కాబట్టి చార్టు నాలుగోసారి బట్టీ పట్టినా పోవు. అడుగున ఉన్న తెలుగు వాక్యాన్ని బయటికి తీసి చూస్తేనే పోతాయి.

“ఇంగ్లిష్‌లోనే ఆలోచించండి” అని అందరూ సలహా ఇస్తారు. మీ స్థాయిలో ఉన్నవాళ్లకి ఆ సలహా పనికిరాదని నా అభిప్రాయం. ఆలోచన ఆర్డర్ వేస్తే వచ్చేది కాదు. తెలుగులో ఆలోచించండి, తప్పులేదు. ఆ తెలుగు ఎక్కడ కాలు అడ్డం పెడుతుందో తెలుసుకుని ఆలోచించండి, అంతే.

మొదటి వాక్యంతోనే మొదలుపెడదాం. “మూడు రోజుల నుంచి పని చేస్తున్నాను.” తెలుగులో ఇందులో లోపమేమీ లేదు. మనకి “సోమవారం నుంచి” అన్నా “మూడు రోజుల నుంచి” అన్నా ఒకటే “నుంచి”. ఇంగ్లిష్‌కి అవి రెండు వేర్వేరు విషయాలు. ఒకటి మొదలైన చోటు, రెండోది గడిచిన కాలం. దీనికి నేను క్లాసులో ఒక కిటుకు చెబుతాను. “నుంచి” తీసేసి “గా” పెట్టి చూడండి. “మూడు రోజులుగా”, “రెండేళ్లుగా”, “చాలాకాలంగా” అనగలం, కాబట్టి అక్కడ ఫర్. “సోమవారంగా”, “2019గా”, “చిన్నప్పటిగా” అనలేం, కాబట్టి అక్కడ సిన్స్. ఈ పరీక్ష తప్పడం నేను దాదాపు చూడలేదు. మీ చెవికి తెలుగు బాగా తెలుసు, ఆ చెవినే వాడుకోండి.

అదే వాక్యంలో రెండో తప్పు క్రియది. “చేస్తున్నాను” కనబడగానే చెయ్యి “ఐ యామ్ వర్కింగ్” రాసేస్తుంది. “నుంచి”గానీ “గా”గానీ ఉండి, పని ఇంకా నడుస్తుంటే, మన “చేస్తున్నాను” ఇంగ్లిష్‌లో “హావ్ బీన్ వర్కింగ్” అవుతుంది. కాలం లెక్క లేకుండా ఊరికే “ఇప్పుడు చేస్తున్నాను” అంటేనే “యామ్ వర్కింగ్”.

ఇదే కుటుంబంలో ఇంకో చిక్కు “చేస్తాను”. “రోజూ ఆరింటికి లేస్తాను”, “రేపు ఆరింటికి లేస్తాను”, రెండిటికీ మనకి ఒకటే క్రియారూపం. అందుకే మనవాళ్లు “డైలీ ఐ విల్ గెటప్ ఎట్ సిక్స్” అంటారు. అలవాటైతే విల్ ఉండదు, “ఐ గెటప్ ఎట్ సిక్స్” అంతే. ఇంటర్వ్యూలో “మీ పని ఏమిటి?” అంటే “ఐ విల్ ప్రిపేర్ ఇన్వాయిసెస్, ఐ విల్ చెక్ బిల్స్” అని చెప్పేవాళ్లు ఎంతమందో. అవతలివాడికి అది ఇంకా మొదలుపెట్టని ఉద్యోగంలా వినిపిస్తుంది.

రెండో వాక్యం: “యెస్టర్డే ఐ హావ్ డిస్కస్డ్ అబౌట్”. ప్రెజెంట్ పర్ఫెక్ట్ మీద పుస్తకాలు పది పేజీలు రాస్తాయి. పని జరిగేది మాత్రం ఒక్క ప్రశ్నతో. వాక్యంలో “ఎప్పుడు?” అన్నదానికి జవాబు ఉందా? నిన్న, పోయిన నెల, 2019లో, పొద్దున పదింటికి, ఇలాంటిది ఏదైనా ఉంటే హావ్ తీసేయండి, సింపుల్ పాస్ట్ రాయండి. ఎవరైనా ఇంటికి రాగానే “భోంచేశారా?” అంటాం చూడండి, అది “హావ్ యూ ఈటెన్?”. “నిన్న రాత్రి భోంచేశారా?” అంటే “డిడ్ యూ ఈట్?”. తెలుగులో రెండూ “చేశారా”నే, అందుకే తికమక. అన్నట్టు “యెస్టర్డే నైట్” కాదు, “లాస్ట్ నైట్”. “టుడే ఈవినింగ్” కాదు, “దిస్ ఈవినింగ్”. వీటికి కారణం అడక్కండి, వాళ్ల అలవాటు అంతే.

“డిస్కస్డ్ అబౌట్”లో అబౌట్ మన “గురించి”. “తేడా గురించి చర్చించాను” అంటాం కాబట్టి వచ్చింది. డిస్కస్, మెన్షన్, డిస్క్రైబ్, ఈ మూడూ “గురించి”ని తమ కడుపులోనే పెట్టుకున్న మాటలు, బయట ఇంకోటి అక్కర్లేదు. టాక్, స్పీక్, థింక్‌లకైతే కావాలి. “కి” సంగతి ఇంకా గమ్మత్తు. “అతనికి చెప్పాను” అనగానే “ఐ టోల్డ్ టు హిమ్” వచ్చేస్తుంది. టెల్, ఆస్క్, ఇన్ఫామ్, రీచ్, ఆన్సర్, వీటికి మన “కి” వదిలేయాలి. సే, ఎక్స్‌ప్లెయిన్, రిప్లై, లిజన్, వీటికి “టు” ఉండి తీరాలి. “ఎక్స్‌ప్లెయిన్ మీ” అని మనవాళ్లు అనేది ఆ “టు” మర్చిపోయి. “ఆన్సర్ ద మెయిల్”, “రిప్లై టు ద మెయిల్”, అర్థం ఒకటే, మర్యాదలు వేరు. ఇలాంటివి రూలుగా కాక జంటగా నేర్చుకోవాలి. మాటని దాని తోకతో సహా రాసుకోండి.

ఇక మూడో వాక్యం. నాకు చాలా ఇష్టమైన తప్పు ఇందులో ఉంది, కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుతాను. “ద పర్సన్ వుయ్ సెంట్ ద మెయిల్.” మీ మనసులో ఉన్నది “మనం మెయిల్ పంపిన మనిషి”. తెలుగులో విశేషణంగా వాడే ఈ క్రియారూపం గొప్ప సౌకర్యం. “నేను కూర్చున్న కుర్చీ”, “నేను మాట్లాడిన మేనేజర్”, “నేను చదివిన కాలేజీ”, “కూర తరిగిన కత్తి”. ఒక్కోదాన్ని మామూలు వాక్యంగా విప్పండి. కుర్చీలో కూర్చున్నాను. మేనేజర్‌తో మాట్లాడాను. కాలేజీలో చదివాను. కత్తితో తరిగాను. విప్పితే కనబడే “లో”, “తో”, మడత పెట్టగానే మాయమైపోయాయి. తెలుగులో అవి లేకపోయినా ఎవరికీ అనుమానం రాదు. ఇంగ్లిష్‌లో మాయం కావు, తోకలా చివర వేలాడాలి. “ద చెయిర్ ఐ సాట్ ఆన్”, “ద మేనేజర్ ఐ స్పోక్ టు”, “ద కాలేజ్ ఐ స్టడీడ్ ఎట్”, “ద నైఫ్ ఐ కట్ ద వెజిటబుల్స్ విత్”. మీ వాక్యంలో “మనిషికి పంపాం” అన్న “కి” మాయమైంది. “ద పర్సన్ వుయ్ సెంట్ ద మెయిల్ టు.”

ఈ తప్పుని స్పెల్లింగ్ చూసే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి పట్టుకోదు, బాగా మాట్లాడేవాళ్లలో కూడా ఉంటుంది. ఒక వారం పాటు మీరు మాట్లాడే తెలుగులో ఇలాంటివి వేటాడండి. “నేను ఎక్కిన బస్సు”, “మేము దిగిన హోటల్”, “నాకు ఫోన్ చేసిన నంబర్”. ఒక్కోదాన్ని విప్పి, మాయమైన ప్రత్యయం ఏమిటో చూసి, ఇంగ్లిష్‌లో తోక తగిలించండి. కొన్నిటికి తోక అక్కర్లేదని కూడా తెలుస్తుంది. “నేను కొన్న ఫోన్” అంటే “ఫోన్‌ని కొన్నాను”, ఆ “ని”కి ఇంగ్లిష్‌లో ఏమీ లేదు, కాబట్టి “ద ఫోన్ ఐ బాట్”. నెల రోజుల్లో ఇది మీ చేతిలోకి వస్తుంది.

అదే వాక్యంలో “హీ టోల్డ్ దట్”. మన “అని చెప్పాడు”. టోల్డ్ తర్వాత ఎవరికి అన్నది ఉండాలి, “హీ టోల్డ్ మీ దట్”. ఎవరికో చెప్పనక్కర్లేదంటే “హీ సెడ్”. మన “అని” ఇంకో పని కూడా చేస్తుంది. అవతలివాడి మాటని వాడి నోట్లో ఉన్నట్టే దాచిపెడుతుంది. “రేపు వస్తానని చెప్పాడు” అన్నప్పుడు “రేపు”, “వస్తాను” రెండూ అతని సొంత మాటలు. ఇంగ్లిష్‌లో చెప్పేవాడు తన చోటు నుంచి, తన రోజు నుంచి మళ్లీ లెక్క కట్టుకోవాలి. ఆయన నిన్న “రేపు” అంటే అది మీకు ఇవాళ. మీ మెయిల్‌లో “టుమారో” అంటే ఇవాళా, రేపా? మీ మేనేజర్‌కి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు.

దాని పక్కనే “ఓన్లీ”. “రేపే వస్తుంది”లో ఉన్న ఏ-కారం అది. మనం ఏ-కారంతో నొక్కి చెబుతాం, అంటే “ఆలస్యం లేదు, రేపే” అని. కానీ ఇంగ్లిష్ చదివేవాడికి “ఓన్లీ టుమారో” అంటే “రేపటిదాకా రాదు” అని. మీరు ధైర్యం చెప్పబోయారు, ఆయనకి ఫిర్యాదులా వినబడింది. “ఇక్కడే ఉన్నాను” అంటే “ఐ యామ్ రైట్ హియర్”. “ఇప్పుడే” అంటే “రైట్ నౌ” లేదా “జస్ట్ నౌ”, సందర్భాన్ని బట్టి. చాలాసార్లు ఏ-కారానికి మాటే అక్కర్లేదు, గొంతులో నొక్కితే చాలు.

“డూ ద నీడ్‌ఫుల్” వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. పాత ఆఫీసు ఇంగ్లిష్, మన దేశంలో ఇంకా బతికే ఉంది. కానీ మీకు ఏం కావాలో అందులో లేదు. గడువు పెంచాలా? వెండర్‌కి ఫోన్ చేయాలా? కావాల్సింది సూటిగా అడగండి. ఇక మన దేశంలో పుట్టిన మాటలన్నీ తప్పని నేననను. “ప్రీపోన్”, అంటే అనుకున్నదానికన్నా ముందే పెట్టడం, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీల్లో భారతీయ ఇంగ్లిష్ అన్న గుర్తుతో ఉంది. మన ఆఫీసులో నిక్షేపంలా వాడండి. అమెరికాలో క్లయింట్‌కి రాసేటప్పుడు మాత్రం “మూవ్ ఇట్ అప్” అనండి.

మీ మెయిల్‌లో లేని, కానీ మీ నోట్లో తప్పకుండా ఉండే రెండు మూడు చెబుతాను. ఒకటి “అట”. “ఆయన రావట్లేదట” అన్నది “హీ ఈజ్ నాట్ కమింగ్ ఇట్ సీమ్స్” అవుతుంది మన నోట. మనవాళ్లకి తప్ప ఎవరికీ అర్థం కాదు. “ఐ హియర్ హీజ్ నాట్ కమింగ్” అనండి, లేదా ముందు “అప్పారెంట్లీ” చేర్చండి. రెండు “కదా”. “మీరు వస్తున్నారు కదా”కి “ఈజింట్ ఇట్” కాదు, “ఆరెంట్ యూ”. ఇది కష్టంగా ఉంటే వాక్యం చివర “రైట్?” అనేయండి, లోకమంతా అంటోంది.

మూడోది “అవును”. ఇది నాకే జరిగింది. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో పెద్దాయన “హావెంట్ యూ బ్రాట్ యువర్ ఒరిజినల్స్?” అన్నాడు. నేను తేలేదు. తెలుగులో “తేలేదా?” అంటే “అవునండీ, తేలేదు” అంటాం కదా, అందుకని “యెస్ సర్” అన్నాను. ఆయన చెయ్యి చాచాడు. నేను చూస్తూ నిలబడ్డాను. ఆయన చెయ్యి అలాగే ఉంది. ఆ అరనిమిషం ఇప్పటికీ గుర్తే. మనం అడిగినవాడి మాటకి ఒప్పుకుంటాం, ఇంగ్లిష్‌వాడు జరిగినదానికి ఒప్పుకుంటాడు. జరగలేదంటే ప్రశ్న ఎలా అడిగినా “నో, ఐ హావెంట్”.

ఆర్టికల్స్ గురించి మీరు చాలా బాధపడినట్టున్నారు. అంత అక్కర్లేదు. “అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.” ఆర్టికల్స్‌లో సగం పాఠం ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. మొదటిసారి పరిచయం చేసినప్పుడు “ఒక”, అంటే ఎ. విన్నవాడికి ఏ రాజో తెలిశాక “ఆ”, అంటే ద. మనం “ఒక”, “ఆ” చాలాచోట్ల వదిలేస్తాం, వాళ్లు వదలరు, అదే తేడా. మిగతా సగం చదువుతుంటే పడుతుంది. ఆర్టికల్ తప్పితే అర్థం సాధారణంగా చెడదు. కాలం తప్పితే, “టు” తప్పితే చెడుతుంది. అందుకే ముందు వాటిని చూడమంటాను.

ఇక మాటల సంగతి. రోజుకి పది కొత్త మాటలు ఎందుకు నిలవడం లేదంటే, అవి మీకు అవసరం లేని మాటలు కాబట్టి. మీరు పంపిన పట్టికలో “యుబిక్విటస్”, “ఎఫెమరల్” ఉన్నాయి. రికన్సిలియేషన్ మెయిల్‌లో వాటిని ఎప్పుడు వాడతారు? ఒకప్పుడు ఢాకాలో బెంగాలీ పిల్లలకి ఇంగ్లిష్ చెప్పిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2000 మాటల పట్టిక ఒకటి ప్రచురించాడు. మామూలు పాఠం ఏదైనా తీసుకుంటే నూటికి దాదాపు 80 మాటలు ఆ రెండు వేలలోవే ఉంటాయి. ఆ రెండు వేలూ మీకు వచ్చు అనుకుంటున్నారు. నిజానికి సగం వచ్చు. మీట్, రన్, టేక్, రెయిజ్, సెటిల్, వీటి మొదటి అర్థం వచ్చు. “మీట్ ఎ డెడ్‌లైన్”, “రెయిజ్ యాన్ ఇన్వాయిస్”, “సెటిల్ ఎ బిల్”, “రన్ ఎ రిపోర్ట్” వెంటనే నోటికి రావు. మీ స్థాయిలో పెరగాల్సింది తెలిసిన మాటల లోతు.

దీన్ని మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు, తెలుగులో రోజూ చేస్తున్నదే. “కొట్టు” అన్న మాట చూడండి. కన్ను కొట్టడం, కాకా కొట్టడం, మందు కొట్టడం, బోర్ కొట్టడం. వీటిలో ఎక్కడైనా దెబ్బ ఉందా? చిన్నప్పుడు ఎవరూ మనకి “కొట్టు” అర్థాల పట్టిక ఇవ్వలేదు. ఒక్కో జంటని విన్నాం, వాడాం. ఇంగ్లిష్‌లో గెట్, పుట్, టేక్ అలాంటివే. “పుట్ ఆఫ్”, “గెట్ ఓవర్”, “టేక్ ఓవర్” చూసి భయపడక్కర్లేదు, వాళ్ల “కొట్టు”లు అవి.

“చేయు” మాత్రం తిరగబడుతుంది. మనకి ఒక్క మాట, వాళ్లకి ఆరు. తప్పు చేశాను, “మేడ్ ఎ మిస్టేక్”. హోంవర్క్ చేశాను, “డిడ్ ద హోంవర్క్”. స్నానం చేశాను, “హాడ్ ఎ బాత్”. ఫోన్ చేశాను, “కాల్డ్”. వంట చేశాను, “కుక్డ్”. పెళ్లి చేసుకున్నాడు, “గాట్ మ్యారీడ్”.

అన్నిటికన్నా మోసం చేసేవి మన తెలుగులో కలిసిపోయిన ఇంగ్లిష్ మాటలు. అవి ఇంగ్లిష్ అనుకుని తిరిగి ఇంగ్లిష్‌లో వాడతాం. “బాగా ఫీల్ అయ్యాడు” అంటే మనకి బాధపడ్డాడని. “హీ ఫెల్ట్” అని ఆపేస్తే ఏం ఫీలయ్యాడని అడుగుతారు, “హీ వాజ్ హర్ట్” అనాలి. “నాకు బోర్” అనబోయి “ఐ యామ్ బోరింగ్” అంటే మిమ్మల్ని మీరే తిట్టుకున్నట్టు, “ఐ యామ్ బోర్డ్”. “కరెంట్ పోయింది”ని “ద పవర్ ఈజ్ అవుట్” అంటారు. “నాకొక డౌట్” అంటే మనకి ప్రశ్న, వాళ్లకి నమ్మకం లేకపోవడం. క్లయింట్‌తో “ఐ హావ్ ఎ డౌట్ ఇన్ యువర్ స్టేట్‌మెంట్” అన్నారంటే మీ లెక్కలు నమ్మను అన్నట్టే. “ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్” అనండి. ఇంకా లగేజీలు, ఫర్నిచర్లు, ఫీడ్‌బ్యాక్‌లు. మనం దేనికైనా “లు” తగిలించగలం, ఇంగ్లిష్‌లో లగేజ్, ఫర్నిచర్, ఫీడ్‌బ్యాక్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ లెక్కపెట్టరు, ఎప్పుడూ ఏకవచనమే.

ఎలా గుర్తుపెట్టుకోవాలి? పాత విజిటింగ్ కార్డులు ఉంటే తీసుకోండి. ముందువైపు తెలుగు వాక్యం, మీ ఉద్యోగంలోంచి తీసింది: “గడువులోగా పని ముగించాం.” వెనకవైపు: “వుయ్ మెట్ ద డెడ్‌లైన్.” ఒంటరి మాట రాయొద్దు, ఇంగ్లిష్ ముందు పెట్టొద్దు. ఇంగ్లిష్ చూసి తెలుగు చెప్పడం మీకు ఇప్పటికే వచ్చు, కావాల్సింది దాని ఎదురు దారి. రోజుకి ఐదు కార్డులు చాలు. రేపు ఒకసారి, మూడు రోజులకి, వారానికి, నెలకి. తప్పితే మళ్లీ మొదటికి. మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుందని జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే తన మీదే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. గుర్తున్న కార్డుని తర్వాతి పెట్టెలోకి, మరిచినదాన్ని మళ్లీ మొదటి పెట్టెలోకి జరిపే ఈ పద్ధతికి 1970లలో ప్రాచుర్యం తెచ్చినవాడు లైట్నర్ అన్న రచయిత. ఇప్పుడు ఆంకీ లాంటి యాప్‌లు ఆ పనే చేస్తాయి. నాకు మాత్రం చేత్తో రాసిన కార్డే బాగా నిలుస్తుంది, ఇది నా చాదస్తం కావచ్చు.

డిక్షనరీ విషయంలో ఒక మాట. ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీలో “అనాయ్డ్”, “యాంగ్రీ”, “ఫ్యూరియస్” మూడిటికీ దాదాపు కోపం అనే ఉంటుంది. కాస్త చిరాకుపడ్డ క్లయింట్‌ని “ఫ్యూరియస్” అని రాశారంటే ఆఫీసంతా కంగారు. నేర్చుకునేవాళ్ల కోసమే రాసిన డిక్షనరీలు ఉన్నాయి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. లాంగ్‌మన్‌వాళ్లు అర్థాలన్నీ దాదాపు 2000 తేలిక మాటల్లోనే రాస్తారు, మీకు అక్కడ ఇబ్బంది ఉండదు. అర్థం ఒక్కటే చూసి మూసేయకండి. ఉదాహరణ వాక్యాలు చదివి, మాట పక్కన ఏ మాట కూర్చుంటోందో చూడండి. కార్డు మీద రాయాల్సింది అదే.

చదవడానికి ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ చదవమని మా కాలం నుంచీ మాస్టార్లు చెబుతూనే ఉన్నారు. పోటీ పరీక్షలకి వెళ్లేవాళ్లకి సరే, మీకు వద్దు. స్పోర్ట్స్ పేజీ చదవండి. రాత్రి మ్యాచ్ చూశారు కాబట్టి ఏం జరిగిందో మీకు ముందే తెలుసు, అది ఎలా చెప్పారన్నదే చూసుకోవచ్చు. సింపుల్ పాస్ట్, “హీ సెడ్ హీ వుడ్” లాంటివి అక్కడ దండిగా దొరుకుతాయి. ఏది చదివినా పేజీకి ఐదారు మాటల కంటే ఎక్కువ తెలియకపోతే పక్కన పెట్టేయండి, సిగ్గుపడక్కర్లేదు.

చాట్ చేసే ఏఐ యాప్‌ల గురించి కూడా అడిగారు. మెయిల్ దానితో రాయించుకుంటే మెయిల్ బాగుంటుంది, మీరు ఉన్నచోటే ఉంటారు. ముందు మీరు రాయండి, తర్వాత దానికి చూపించి ఏది మార్చావు, ఎందుకు మార్చావు అని అడగండి. మారిన ముక్కని ఒక నోట్‌బుక్‌లో మూడు వరుసల్లో రాసుకోండి. పైన మనసులో ఉన్న తెలుగు, కింద మీరు రాసింది, దాని కింద సరైనది. రెండు వారాలు కాకముందే ఒక సంగతి బయటపడుతుంది. మీవి యాభై రకాల తప్పులు కావు, ఏడో ఎనిమిదో. అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి.

ఆరు నెలలు చాలా అని అడిగారు కదా. భాష ఎంత వచ్చో కొలవడానికి యూరప్‌వాళ్లు 2001లో ఖరారు చేసిన కొలబద్దలో మీరు బీ1 అనే మధ్య మెట్టు మీద ఉన్నారనిపిస్తోంది, వెళ్లాల్సింది దాని పైమెట్టు బీ2కి. ఇంగ్లిష్ పరీక్షలు పెట్టే కేంబ్రిడ్జ్ వాళ్ల అంచనాలో మొదటినుంచి లెక్కపెడితే బీ1కి సుమారు 350 నుంచి 400 గంటలు, బీ2కి 500 నుంచి 600 గంటలు పడుతుంది. మధ్యలో ఉన్నది 150, 200 గంటలు. రోజుకి గంట చొప్పున ఆరు నెలలంటే 180. సరిగ్గా సరిపోతుంది, రోజూ గంట నిజంగా కూర్చుంటే. ఆదివారం ఒక్కరోజే ఆరు గంటలు కూర్చుంటే లెక్క సరిపోతుందిగానీ చదువు సరిపోదు. నా మాటైతే గంటలో ఇరవై నిమిషాలు కార్డులకి, ఇరవై చదవడానికి, ఇరవై రాయడానికి. రాసేది మీ ఆఫీసు మెయిలే కావచ్చు, వేరే వ్యాసాలు అక్కర్లేదు. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరాలా అన్నదానికి: భయం పోవడానికైతే చేరండి, పదిమందిలో మాట్లాడే అలవాటు అవుతుంది. వ్యాకరణం కోసమైతే మళ్లీ టెన్సుల చార్టుతోనే మొదలుపెట్టే అవకాశం ఎక్కువ.

మీ మెయిల్‌ని నేనైతే ఇలా రాస్తాను: “సర్, ఐ హావ్ బీన్ వర్కింగ్ ఆన్ దిస్ రికన్సిలియేషన్ ఫర్ త్రీ డేస్. ఐ డిస్కస్డ్ ద డిఫరెన్స్ విత్ ద వెండర్ యెస్టర్డే. హీ సెడ్ ద పర్సన్ వుయ్ సెంట్ ద మెయిల్ టు వాజ్ ఆన్ లీవ్, అండ్ దట్ వుయ్ వుడ్ గెట్ ద స్టేట్‌మెంట్ టుడే. కుడ్ ఐ హావ్ టిల్ ఫ్రైడే టు క్లోజ్ దిస్?” ఇందులో “టుడే” నేను ఊహించి పెట్టింది. వెండర్ చెప్పిన “రేపు” ఏ రోజో ఒకసారి కనుక్కుని పంపండి.